పూల్ కింద నేల సంగతేంటి?

ప్రశ్న: ఇంటి వెనక 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పుతో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నాం. మీటరున్నర తవ్వాక చూస్తే ఒక పక్క గట్టి నేల, రెండో పక్క ఎప్పుడో పోసిన మట్టి. వానాకాలంలో గోతిలో నీళ్లు ఊరతాయి కూడా. మేస్త్రీ ఏమో స్లాబు మందంగా వేసేద్దాం అంటున్నాడు, అన్ని నీళ్ల బరువుకి ఆగుతుందా అండీ?

జవాబు: నిండా నింపితే 48 టన్నులు అండీ, వింటే గుండె గుభేలుమంటుంది గానీ చదరపు మీటరుకి చూస్తే టన్నున్నరే, మీరు అక్కణ్ణుంచి తవ్వి తీసిన మట్టి అంతకంటే బరువు. కాబట్టి బరువు గురించి వదిలేయండి. నన్ను భయపెడుతున్నది ఆ పోసిన మట్టి. అది దిగుతుంది, గట్టి పక్క దిగదు, రెండూ కలిసే చోట సరిగ్గా గీత గీసినట్టు స్లాబు చీలుతుంది, మందం పెంచినంత మాత్రాన ఇది పోదు. గట్టి నేల తగిలేదాకా ఆ మట్టి మొత్తం తీయించండి, ఖాళీని గ్రావెల్‌తో 15 సెంటీమీటర్ల పొరలుగా, ప్రతి పొరా తడిపి కంపాక్టర్‌తో కొట్టించి నింపండి, ఆ తర్వాతే పీసీసీ, అంటే కమ్మీలు లేని పలచటి కాంక్రీట్ పొర. ఒకవేళ అది నల్లరేగడి అయితే మాత్రం సాయిల్ టెస్ట్ లేకుండా అడుగు ముందుకెయ్యొద్దు.

ఇక ఊరే నీళ్లు. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 20 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకి అర టన్ను తూగుతుంది, కింద నీళ్లు దాని అడుగు కంటే అర మీటరు పైకి లేచాయంటే ఆ బరువుకి సరిసమానంగా పైకి తోస్తాయి. గోడల బరువు కొంత ఆపుతుంది అనుకోండి, అయినా క్లీనింగ్ కోసం పూల్ ఖాళీ చేసిన రోజు అది పడవలా లేచినా లేస్తుంది! స్లాబు కింద కంకర పొర, పూల్ అడుగున డ్రెయిన్‌లో రిలీఫ్ వాల్వ్ (కింద నీళ్ల ఒత్తిడి పెరిగితే వాటిని పూల్‌లోకి వదిలేసేది) పెట్టించండి, వానాకాలంలో ఖాళీ చేయకండి.

అడుగూ గోడా కలిసే జాయింట్‌లో వాటర్ స్టాప్ పట్టీ (నీళ్లు జాయింట్ దాటకుండా కాంక్రీట్‌లో పెట్టే పట్టీ) మర్చిపోవద్దు, లీకులు ఎక్కువగా అక్కడే. టైల్స్ వేయకముందే, గోడల వెనక మట్టి నింపకముందే నీళ్లు పెట్టి వారం చూడండి. మెట్టు మీద నీళ్ల బకెట్ ఒకటి పెట్టి లోపలా బయటా మట్టం దగ్గర గీత పెట్టుకోండి, ఎండకి రెండూ దిగుతాయి, పూల్ ఎక్కువ దిగిందంటే లీకే, మేస్త్రీ ఏం చెప్పినా సరే.