కాలిన ఇనుము బరువెక్కుతుందా?

ప్రశ్న: కొలిమిలో కాల్చి సాగగొట్టించాక మా గడ్డపార తేలికైనట్టు అనిపించింది. వేడికి ఇనుము బరువు తగ్గుతుందా?

జవాబు: తగ్గదండీ. ఉత్త వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది, అంతే. ఎర్రగా కాలినప్పుడు మాత్రం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మొత్తం మాగ్నెటైట్‌గా, అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన నల్లటి పదార్థంగా మారితే 168 గ్రాముల ఇనుము 64 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 232 గ్రాములవుతుంది. క్లాసులో సన్నటి ఇనుప పీచును త్రాసులో పెట్టి కాల్చి చూపించేదాన్ని. బూడిదైనా పళ్లెం కిందికే దిగేది! పిల్లల ముఖాల్లో ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ ఇష్టం.

మరి మీ గడ్డపార? సుత్తి దెబ్బకి నల్లటి పెచ్చులు రాలాయి కదా, వాటితోపాటు కొంత ఇనుమూ పోయింది. ఈసారి ఆ పెచ్చులు చల్లారాక అయస్కాంతం దగ్గర పెట్టండి, అంటుకుంటాయి.