ఫర్నేస్ తిరుగుతోంది, ఇల్లు మాత్రం వేడెక్కట్లేదు

నవంబరు వచ్చిందంటే మా మిషిగన్‌లో కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి, గ్యాస్ మండించి ఇంటికి వేడిగాలి పంపే ఫర్నేస్ గురించి. "అన్నా, ఫర్నేస్ చప్పుడు వినిపిస్తోంది, గాలి మాత్రం చల్లగా వస్తోంది. ఇప్పుడేం చేయాలి?" అపార్టుమెంట్లో అద్దెకున్నంత కాలం ఆ టెన్షన్ ఆఫీసు వాళ్ళది. చలికాలంలో హీట్ ఆగితే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయొచ్చు. సొంతింట్లో బేస్‌మెంట్‌లోకి దిగి చూడాల్సింది మనమే.

దిగే ముందు, ఇంట్లో వేడి ఎంత కావాలో పెట్టే థర్మోస్టాట్ చూడండి. ఫ్యాన్ "ఆటో"లో కాకుండా "ఆన్"లో ఉంటే మంట ఆరిపోయాక కూడా గాలి వస్తూనే ఉంటుంది, అది చల్లగానే తగులుతుంది. చాలామందికి సమస్య ఇక్కడే తేలిపోతుంది. బ్యాటరీలతో నడిచేదైతే అవి మార్చండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు త్వరగా వేడెక్కుతుందని 80 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తిప్పేస్తుంటారు. మామూలు ఫర్నేస్ 70 పెట్టినా 80 పెట్టినా ఒకే మంటతో మండుతుంది, 80 పెడితే ఎక్కువసేపు మండుతుందంతే. సున్నా ఫారెన్‌హీట్ చలిలో ఆగకుండా నడవడం కూడా జబ్బేమీ కాదు.

తర్వాత, ఫర్నేస్‌లోకి పోయే గాలిలో దుమ్మును ఆపే ఫిల్టర్. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను నెల నుంచి మూడు నెలల్లోపు మార్చాలంటారు. రోజూ పోపులు, వేపుళ్ళు, అగరుబత్తీలు ఉండే మన ఇళ్ళల్లో నేనైతే నెలకోసారి తీసి చూడమంటాను. ఫిల్టర్ మూసుకుపోతే లోపలికి సరిపడా గాలి పోదు, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ మరీ వేడెక్కిపోతుంది, వేడి మితిమీరకుండా కాపాడే లిమిట్ స్విచ్ అడ్డం పడి మంట ఆపేస్తుంది. కాసేపు ఇంట్లోకి గాలి తోసే బ్లోయర్ ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది. మీకు తగిలే చల్లగాలి అదే. చల్లారాక మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. దుమ్ము బాగా పడుతుందని కొందరు అంగుళం మందంలోనే మెర్వ్ 13 తెస్తారు (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ మరింత సన్నని దుమ్మును పడుతుంది). ముక్కు మూసుకుని పరుగెత్తమన్నట్టే అది. చాలా ఇళ్ళకు మెర్వ్ 8 చాలు. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. గాలి వెనక్కి లాగే పెద్ద జాలీకి అడ్డంగా సోఫాయో ఖాళీ సూట్‌కేసులో పెట్టి ఉంటే అవీ జరపండి.

ఫిల్టర్ మార్చాక ఫర్నేస్ అసలు కదలకపోతే కంగారు పడకండి. బ్లోయర్ తలుపు వెనక బుల్లి స్విచ్ ఉంటుంది, తలుపు సరిగ్గా కూర్చోకపోతే మొత్తం ఆగిపోతుంది. పక్కన గోడకో ఫర్నేస్‌కో లైటు స్విచ్ లాంటిది మరొకటి ఉంటుంది, సామాను సర్దుతూ దాన్ని ఆపేసినవాళ్ళూ ఉన్నారు.

అవన్నీ బాగుంటే ఫర్నేస్ ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఎవరినైనా పైన థర్మోస్టాట్ పెంచమనండి. ముందు పొగను బయటికి పంపే ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరుగుతుంది. అది సరిగ్గా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకున్నాక, మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. గ్యాస్ వాల్వ్ టక్కుమంటుంది, నీలం మంటలు వరసగా అంటుకుంటాయి. అర నిమిషమో నిమిషమో అయ్యాక పెద్ద బ్లోయర్ మొదలవుతుంది. ఎక్కడ ఆగిందో చూస్తే జబ్బు సగం తెలిసినట్టే. మంట అంటుకుని నాలుగైదు సెకన్లలో ఆరిపోయి, మళ్ళీ మళ్ళీ అదే జరిగి, చివరకు ఫర్నేస్ మొరాయిస్తే అనుమానం ఫ్లేమ్ సెన్సర్ మీద. మంటలో తగిలేలా ఉండే సన్నని లోహపు కడ్డీ అది. దాని మీద పొర పట్టేస్తే మంట ఉన్నా లేదనుకుని ఫర్నేస్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. కరెంటూ గ్యాసూ ఆపి, దాన్ని పట్టి ఉంచే స్క్రూ విప్పి, సన్నని స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది మళ్ళీ పెడితే చాలావరకు దారికొస్తుంది. పక్కనున్న ఇగ్నైటర్ మాత్రం ముట్టుకోకండి, అది ఇట్టే విరిగిపోతుంది. బోర్డు మీద మిణికే లైటు ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి, దాని అర్థం సాధారణంగా తలుపు లోపలి కాగితం మీద ఉంటుంది.

ఇండ్యూసర్ తిరిగినా ఇగ్నైటర్ వెలగకపోతే బయటకు వెళ్ళి గోడలోంచి వచ్చే తెల్లటి పీవీసీ గొట్టాలు చూడండి. 90 శాతం పైన సామర్థ్యం ఉన్న ఫర్నేస్‌లు వాటితోనే ఊపిరి పీల్చి వదులుతాయి. రాత్రి గాలికి మంచు మేట వేసి ఉంటే చేత్తో తీసేయండి. ఆ రకం ఫర్నేస్‌లోంచి కారే నీళ్ళ గొట్టం మూసుకుపోయినా ఇదే ఆట.

కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ఈ పరీక్షలేవీ వద్దు. లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా పిల్లాజెల్లాతో బయటకు వచ్చి, అక్కడి నుంచి 911కో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మోగినా అంతే. ఆ వాయువుకు వాసనా ఉండదు, రంగూ ఉండదు, అందుకే పడకగదుల దగ్గర డిటెక్టర్ తప్పనిసరిగా పెట్టండి. మంట నీలంగా కాక పసుపుగా నిలకడ లేకుండా ఆడుతుంటే ఫర్నేస్ ఆపేసి టెక్నీషియన్‌ను పిలవండి. వచ్చేలోపు ఇల్లు వెచ్చబడుతుందని గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి పెట్టడం, గ్రిల్ బొగ్గులు లోపలికి తేవడం ప్రాణం మీదికి తెస్తాయి. కరెంటు హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ వైరుకు కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టి, బయటి గోడవైపున్న కుళాయిలను సన్నగా కారనివ్వండి, నీళ్ళ గొట్టాలు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

వచ్చిన టెక్నీషియన్ "హీట్ ఎక్స్ఛేంజర్ పగిలింది, కొత్త ఫర్నేస్ వేయించుకోండి" అంటే నిజమే కావచ్చు, అప్పుడు దాన్ని వాడకూడదు కూడా. కానీ అదే రోజు సంతకం పెట్టేయకండి. పగులు ఫొటో అడగండి, ఇంకొకరితో చూపించండి. ఫర్నేస్ ప్లేటు మీది మోడల్, సీరియల్ నంబర్లతో దాన్ని తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేయండి. హీట్ ఎక్స్ఛేంజర్‌కు చాలా కంపెనీలు విడిగా ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి. పాత ఇల్లు కొన్నవాళ్ళు అది తమ పేరు మీదికి మారిందో లేదో కనుక్కోవాలి. భాగం ఉచితంగా వచ్చినా లేబర్ ఖర్చు మాత్రం మామూలుగా మీదే.