పురుగుకు విషం, మనిషికి కాదా?

ప్రశ్న: నేలలోని బాక్టీరియాతో తయారైన బీటీ పొడిని క్యాబేజీ మీద చల్లమంటున్నారు. పురుగును చంపేది మనకు హాని చేయదా?

జవాబు: బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే ఈ బాక్టీరియా సిద్ధబీజాలు (గడ్డుకాలాన్ని తట్టుకునే నిద్రాణ కణాలు) ఏర్పరచే దశలో ‘క్రై’ అనే ప్రోటీన్ల స్ఫటికాలను తయారుచేస్తుంది. ఆకుతోపాటు వాటిని తిన్న గొంగళిపురుగు పేగులోని క్షార ద్రవంలో అవి కరిగి, ఎంజైముల వల్ల చురుకైన విషంగా మారి, పేగు గోడలోని ప్రత్యేక గ్రాహకాలకు (విషాన్ని పట్టుకునే అణువులకు) అతుక్కుని రంధ్రాలు చేయడంతో, పురుగు మేత మాని కొద్ది రోజుల్లో చనిపోతుంది. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. ఆ గ్రాహకాలూ మనకు లేవు. అయినా చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. పట్టుపురుగులకు మాత్రం ఇది ప్రాణాంతకం. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాను గుర్తించింది జబ్బుపడి చచ్చిన పట్టుపురుగులలోనే కనుక, మల్బరీ తోటల దరిదాపుల్లో వాడవద్దు. ఎండకు త్వరగా నిర్వీర్యమవుతుంది కాబట్టి, పురుగులు చిన్నవిగా ఉన్నప్పుడే, సాయంత్రం వేళ చల్లాలి.