కామిక్స్ రాయబోయే మేనకోడలికి

అమ్మడూ,

సూపర్‌హీరో కామిక్స్ రాస్తానన్నావు, చాలా సంతోషం. కానీ పాతవన్నీ చిన్నపిల్లల కథలు, 1986 తర్వాతవి చదివితే చాలు అన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను.

ముందు 1938 నాటి సూపర్‌మ్యాన్ తొలి కథలు చదువు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ సృష్టించిన ఆ మనిషి కోపిష్టి. పెళ్లాన్ని కొట్టే మొగుణ్ణి ఎత్తి గోడకేసి కొడతాడు. గని యజమానిని అతని గనిలోనే ఇరుక్కునేలా చేసి కూలీల కష్టం తెలిసొచ్చేలా చేస్తాడు. అమెరికాలో ఆర్థికమాంద్యం ఇంకా వదలని రోజులవి, ఆ కోపం అక్కడిదే. బుద్ధిమంతుడైన సూపర్‌మ్యాన్ తర్వాత వచ్చాడు. 1954లో కామిక్స్ కోడ్ పెట్టి, పోలీసుల మీద, అధికారుల మీద గౌరవం తగ్గేలా చూపించకూడదనీ, ప్రతిసారీ మంచే గెలవాలనీ షరతులు విధించారు. ఆ కాలపు కథలు చప్పగా ఉన్నాయంటే రాసేవాళ్లకు చేతకాక కాదు.

1961లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు హీరోల జట్టు వచ్చి తమలో తామే పోట్లాడుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన స్పైడర్‌మ్యాన్‌కి డబ్బు టెన్షన్, అత్త ఆరోగ్యం గురించి దిగులు. ఇది నీకు తెలిసిందే.

నువ్వు నిదానంగా చదవాల్సింది మాగ్నెటో పాత్రని. 1963లో ఎక్స్‌మెన్ తొలి సంచికలో అతను క్షిపణి స్థావరం మీద దాడిచేసే మామూలు విలన్. మ్యూటెంట్లే, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న తనలాంటివాళ్లే, లోకాన్ని ఏలాలంటాడు, ఎందుకో చెప్పడు. 1981లో 150వ సంచిక తీసి చూడు. పోరాటంలో ఎక్స్‌మెన్ జట్టులోని కిటీ ప్రైడ్ అనే చిన్నపిల్లని కొడతాడు. చనిపోయిందనుకుని ఆగిపోతాడు. తన బాల్యం నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో గడిచిందన్న సంగతి అక్కడ బయటపడుతుంది. రాసిన క్రిస్ క్లేర్‌మాంట్ పాత నేరాల్లో ఒక్కటీ చెరపలేదు, క్షమించమనీ అడగలేదు. పద్దెనిమిదేళ్ల నాటి కోపానికి ఒక కారణం ఇచ్చాడంతే. నువ్వు నేర్చుకోవాల్సిన పనితనం ఇదే. ఆడపాత్రల విషయంలోనూ ఆయన్ని శ్రద్ధగా చదువు, ఆ రోజుల్లో అంత బాగా రాసినవాళ్లు నాకు కనిపించలేదు.

ఫెంటాస్టిక్ ఫోర్‌లోని సూ స్టార్మ్‌ని కూడా చూడు. 1961లో ఇన్విజిబుల్ గర్ల్‌గా మొదలైంది, ఇన్విజిబుల్ వుమన్ కావడానికి 1985 దాకా పట్టింది.

ఇక నీకిష్టమైన 1986. ఆ ఏడాది వచ్చిన చీకటి కథలు వాచ్‌మెన్, ది డార్క్ నైట్ రిటర్న్స్ గొప్పవే. కానీ వాటిని అనుకరించిన చాలామంది వాన, రక్తం, పళ్లు కొరకడం మాత్రమే ఎత్తుకొచ్చారు. హీరో ఏడుపుగొట్టు మొహం పెడితే పాత్రకి లోతు రాదమ్మా. 2014లో సొంత సిరీస్ మొదలైన టీనేజ్ సూపర్‌హీరో కమలా ఖాన్‌ని చదువు. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబం పిల్ల. ఇంట్లో ఆంక్షలు, స్కూల్లో ఇబ్బందులు, హీరోలంటే పిచ్చి. సరదాగా సాగుతుంది, మనసుకీ తగులుతుంది.

ఒక పాత్రని ఎంచుకుని దశాబ్దానికి ఒక సంచిక చొప్పున వరసగా చదువు. ఎవర్ని కొడుతున్నాడు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ఇంటికెళ్లి ఏం చేస్తాడు, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత అవే ప్రశ్నలు నీ హీరోకి వేసి, మొదటి నాలుగు పేజీల స్క్రిప్ట్ నాకు పంపు. డ్రెస్ డిజైన్ సంగతి తర్వాత చూద్దాం.

మీ మామయ్య