తోలు అంచున గీత నిలవాలంటే

తోలు అంచు వెంట గీతను నొక్కే పనిముట్టు అయిన క్రీజర్‌ను, మరతో వెడల్పు సర్దుకునేది ఒకటి కొని పర్సు అంచు వెంట గీత వేస్తే, వేసిన పూట బాగానే కనిపించి మరునాటికి మాసిపోతున్నదనీ, మూలల దగ్గర గీత జంటగా పడుతున్నదనీ మీరు రాశారు. పనిముట్టును వేడి చేయాలా వద్దా, గీతను కుట్టుకు ముందు వేయాలా తరువాత వేయాలా అని కూడా అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో బెల్టులు, పర్సులు, కార్డు సంచులు చేత్తో కుడుతున్నాను. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ నాకూ ఎదురయ్యాయి కనుక, ఏది ఎందుకు జరుగుతుందో నాకు అర్థమైనంత వరకు వివరంగా రాస్తున్నాను. తోలు ఏ రకమో మీరు చెప్పలేదు. కానీ గీత ఒక్క రాత్రిలో మాసిపోయిందంటే తప్పు మీ చేతిది కాదని, ఆ తోలు క్రోమియం లవణాలతో తయారైన క్రోమ్ తోలు అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను.

క్రీజర్ తోలును కోయదు, గీకదు, నొక్కుతుంది. తోలు లోపల సన్నని నారలు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఒక సన్నని చాలు వెంట ఆ నారలు అణిగి దగ్గరపడినప్పుడు, చాలుకూ అంచుకూ నడుమ మిగిలిన పట్టీ కాస్త గుండ్రమై బిగుసుకుంటుంది. దీనిని చాలామంది కేవలం అలంకారమనుకుంటారు, నేను మాత్రం అంచు పనిలో ఇది సగమని నమ్ముతాను. నేను కుట్టిన రెండు బెల్టులలో గీత వేసినదాని అంచు ఐదేళ్ల వాడకం తరువాత కూడా గట్టిగా ఉంది, గీత వేయనిదాని అంచు రెండో ఏడాదికే విచ్చుకుంది. గుర్రపు జీనుల పనిలో పట్టీల అంచున ఈ గీత తరతరాలుగా ఉన్నది. ఇంగ్లండులో ఆ పనికి వాల్సాల్ పట్టణం ప్రసిద్ధి. ఫ్రాన్సు సంచుల పనివారు వేడి ఇనుముతో వేసే ఇటువంటి గీతను ఫిలే అంటారు. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే అయినా పద్ధతులు వేరు: ఒకటి తడి తోలు మీద చల్లని పనిముట్టుతో, మరొకటి పొడి తోలు మీద వేడి పనిముట్టుతో చేసేది. ఈ రెండింటిలో మీ తోలుకు ఏది తగినదో తేల్చుకోవడమే మొదటి పని.

చెట్టు బెరడు, కాయల సారంతో పదును చేసిన, అంటే పచ్చి చర్మం నుంచి మార్చిన తోలును మనం వెజ్ టాన్ అంటున్నాం. దక్షిణాదిలో ఒకప్పుడు ఇది తంగేడు చెక్కతో, కరక్కాయలతో జరిగేది. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఇప్పుడు అందరికీ తెలిసిన తంగేడు ఇదే. తమిళనాడు నుంచి ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో ఎగుమతి అయి, భౌగోళిక గుర్తింపు కూడా పొందిన సరుకు ఆ సంప్రదాయానిదే, అయితే కాలక్రమంలో తంగేడు స్థానాన్ని చాలావరకు వాటిల్ అనే చెట్టు చెక్క సారం తీసుకుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది క్రోమ్ తోలు. మెత్తగా, సాగుడుగా ఉంటుంది, బజారులో దొరికే పర్సుల తోలులో ఎక్కువ భాగం ఇదే. తేడా తెలుసుకోవడానికి తునకను కాల్చి చూడమని కొందరు చెబుతారు గానీ, క్రోమ్ తోలు పొగ పీల్చడం మంచిది కాదు కనుక నేను ఆ పని చేయను, చేయమని చెప్పను. ఒక తునక తీసుకొని పైభాగం మీద గోరుతో గట్టిగా నొక్కండి. గోరు ముద్ర అలాగే నిలిస్తే వెజ్ టాన్, కొద్దిసేపటిలో పైకి లేచిపోతే క్రోమ్. కోసిన అంచును వెలుతురులో చూస్తే వెజ్ టాన్ లోపలంతా లేత గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ తోలుకు మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది, రంగు లోపలి వరకు ఎక్కించి ఉంటే మాత్రం ఈ గుర్తు దొరకదు.

గీత వేసేటప్పుడు వెజ్ టాన్ తోలుకు కావలసింది మరో అర్థంలో పదును, అంటే సరైన తేమ. రైతు దుక్కికి ముందు మట్టిని పిడికిట్లోకి తీసుకొని చూస్తాడు కదా, నీరు ఎక్కువైతే నాగలికి అంటుకుంటుంది, తక్కువైతే పెళ్లలు లేస్తాయి, సరిగ్గా పదునులో ఉన్నప్పుడే చాలు తెగకుండా సాగుతుంది. తోలు విషయమూ అంతే. శుభ్రమైన నీటిలో స్పాంజి ముంచి, పిండి, ముక్క మొత్తాన్ని సమంగా తడపాలి. అంచును మాత్రమే తడిపితే ఆరిన తరువాత నీటి చార మిగిలిపోతుంది. తడిపిన వెంటనే గీత వేయకూడదు, అప్పుడు తోలు ముద్దగా ఉండి గీత గట్లు కట్టినట్లు పడి, ఆరే కొద్దీ పూడిపోతుంది. ముదురుగా మారిన రంగు తిరిగి మొదటి రంగుకు చేరువవుతూ, ముట్టుకుంటే మాత్రం ఇంకా చల్లగా అనిపిస్తున్నప్పుడు గీత వేయాలి. మా వీధి మొదట్లో చెప్పులు కుట్టే తాత తడిపిన తోలును చెంపకు ఆనించి చూసేవాడు. ఆయన దగ్గర క్రీజర్ అనే వస్తువే లేదు. తోలు కోసే కత్తి అయిన రంపె వీపుతో అంచు వెంట నొక్కుకుంటూ పోయి, ఆ తరువాత నున్నని కొమ్ము ముక్కతో రుద్దేవాడు. చెంప పరీక్ష నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే చేస్తాను. మే నెలలో ఫ్యాను కింద ఐదారు నిమిషాలలోనే పదును దాటిపోతుంది, వానాకాలంలో అరగంట పట్టవచ్చు. కాబట్టి గడియారాన్ని నమ్ముకోవద్దు.

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పును ఇక్కడ చెప్పాలి. మా బావగారికి సంక్రాంతికి ఇవ్వాలని వెజ్ టాన్ బెల్టు ఒకటి కుడుతూ, తడి వల్ల గీత బాగా పడుతుంది, వేడి వల్ల మెరుస్తుంది, రెండూ కలిస్తే ఇంకా బాగుంటుందని ఆలోచించి, పదునులో ఉన్న తోలు మీద కాల్చిన క్రీజర్‌ను నడిపాను. గీత వెంట తోలు నల్లబడి, ముడుచుకొని, గాజులా గట్టిపడింది. వంచగానే ఆ గీత దగ్గరే పగిలింది. కారణం తరువాత తెలిసింది. తడిగా ఉన్న తోలును వేడి చేస్తే ఒక స్థాయి దాటగానే దాని నారలు ఒక్కసారిగా కుంచించుకుపోతాయి. వెజ్ టాన్ తోలుకు ఆ స్థాయి సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, క్రోమియం లవణాలతో బాగా పదును చేసిన తోలు 100 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. పొడిగా ఉన్న తోలు అంతకంటే ఎక్కువ వేడిని క్షణకాలం భరిస్తుంది. అందువల్ల తడి ఉంటే పనిముట్టు చల్లగా ఉండాలి, పనిముట్టు వేడిగా ఉంటే తోలు పొడిగా ఉండాలి. ఆ బెల్టు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, కొత్తగా నేర్చుకునేవారు వస్తే తీసి చూపిస్తాను.

తడి తోలు విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. వెజ్ టాన్ తోలులో ఉండే బెరడు సారానికి, అంటే టానిన్లకు, ఇనుము తగిలితే నీలం కలిసిన నల్లని మచ్చలు పడతాయి, అవి సులువుగా పోవు. తుప్పు పట్టే ఇనుప క్రీజర్‌ను తడి తోలు మీద వాడవద్దు. ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి చెక్క, ఎముక మంచివి.

ఇక మీ పర్సు వంటి క్రోమ్ తోలు. దీనిని తడిపి ప్రయోజనం లేదు, నొక్కిన చోట మళ్లీ లేస్తుంది. పొడి తోలు మీద వేడి పనిముట్టుతోనే గీత వేయాలి. పైపూత వేడికి మెత్తబడి, చాలు రూపంలో అణిగి, చల్లారినప్పుడు అలాగే నిలుస్తుంది. గీతకు వచ్చే మెరుపు కూడా చాలావరకు ఆ పూతదే. వేడి నియంత్రించగల విద్యుత్ క్రీజర్ ఉంటే సుఖం, అయితే నేను మొదటి నాలుగేళ్లు స్పిరిట్ దీపంతోనే పని చేశాను. కొవ్వొత్తి వాడవద్దు, దాని మసి అంటుకొని తోలు మీద నల్లని చార పడుతుంది. కొనను కాకుండా కొనకు పై భాగాన్ని వేడి చేసి, వేడిని కొనకు దిగనివ్వాలి. ఆ తరువాత తడిగుడ్డకు ఒకసారి తాకించాలి. దోసె పెనం మీద నీళ్లు చిలకరించి చూస్తాం కదా, అదే తీరు: సుయ్‌మని గట్టిగా పొంగితే వేడి ఎక్కువ, ఆగాలి, మెల్లగా ఆవిరి లేస్తే సరిపోతుంది. ముందుగా అదే తోలు తునక మీద పరీక్షించకుండా అసలు ముక్కను ముట్టవద్దు, ఎందుకంటే పూత ఒక్కొక్క తోలుకు ఒక్కొక్క రకం. ప్లాస్టిక్ వంటి మందపాటి పూత ఉంటే వేడి ఎక్కువైన క్షణంలో అది పనిముట్టుకు అంటుకొని ఊడి వస్తుంది, దానిని తిరిగి సరిచేసే మార్గం నాకు దొరకలేదు. గీత వేసేముందు చాలు పడే చోట తేనెమైనం అతి పలుచగా రుద్దితే కొన నున్నగా జారుతుంది.

కొత్త క్రీజర్‌ను కొన్నది కొన్నట్లుగా వాడకూడదనేది నా అభిప్రాయం. తక్కువ ధర పనిముట్ల కొనలకు పదునైన కోణాలు మిగిలి ఉంటాయి, అవి తోలును నొక్కే బదులు కోస్తాయి. కోసిన గీత మొదట అందంగానే కనిపించి, వాడకంలో అక్కడి నుంచే చిరుగుతుంది. 400, 800, 1200 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్ది, చివరకు తోలు ముక్క మీద పాలిష్ పొడి వేసి సాన పట్టినట్లు లాగుతూ కొనను గుండ్రం చేయండి. బొటనవేలి గోరు మీద దానిని నడిపితే తెల్లని గీర పడకుండా జారిపోవాలి. ఒక సాయంత్రం దీనికి పోయినా ఫరవాలేదు. నా పనిలో అన్నింటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఈ ఒక్క సాయంత్రమే.

ముక్కను గట్టి తలం మీద ఉంచి పని చేయండి. కోతకు వాడే రబ్బరు పలక మీద గీత వేస్తే, మీరు పెట్టిన బలంలో కొంత ఆ పలకే మింగేస్తుంది. నేను వంటింటి అలమరలకు వాడగా మిగిలిన నున్నని కడప బండ ముక్కను వాడుతున్నాను. క్రీజర్‌కు రెండు కాళ్లు ఉంటాయి: ఒకటి అంచును ఆనుకొని దారి చూపుతుంది, రెండవది గీత వేస్తుంది. దారి చూపే కాలు అంచు ఎలా ఉంటే అలాగే పోతుంది కనుక, కోత వంకరగా ఉంటే గీత కూడా వంకరగానే వస్తుంది. అంచును ముందు సరిచేయకుండా గీతను సరిచేయాలని ప్రయత్నించడం వృథా. మొదటిసారి బలం లేకుండా దారి మాత్రమే పడేటట్లు నడపాలి, రెండవసారి బలం పెట్టాలి, మూడవసారి బలం తగ్గించి వేగంగా ముందుకూ వెనక్కూ రుద్దాలి. మొదటిసారే గట్టిగా నొక్కితే కొన పక్కకు జారి, ఆ తప్పు దారి శాశ్వతంగా ఉండిపోతుంది.

మూలల దగ్గర జంట గీత పడటానికి కారణం, మలుపులో రెండు కాళ్లు అంచుకు అడ్డంగా ఒకే వరుసలో లేకపోవడం. చెయ్యి తిరిగిన వేగానికి పనిముట్టు తిరగదు, కాళ్లు ఏటవాలుగా నిలిచి గీత అంచుకు దగ్గరవుతుంది. రెండవసారి వేరే కోణంలో నడిపితే పక్కనే మరో గీత పుడుతుంది. కాబట్టి మలుపులో పనిముట్టును స్థిరంగా పట్టుకొని తోలునే తిప్పండి. మూల చిన్నదైతే రెండు వైపుల నుంచీ మలుపు మొదలయ్యే చోట ఆపి, మధ్య భాగాన్ని ఒంటి కొన క్రీజర్‌తో, మూలకు తగిన నాణెం చుట్టూ సన్నగా గుర్తు పెట్టుకొని, విడిగా కలపండి. ఒక రూపాయి నాణెం పర్సు మూలలకు చాలా సార్లు సరిపోయింది.

దూరం విషయానికి వస్తే కార్డు సంచులకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, బెల్టులకు మూడు మిల్లీమీటర్ల వరకు నాకు నచ్చుతుంది. కుట్టు వరుస గీతకు లోపల, ఒకటి లేదా రెండు మిల్లీమీటర్ల ఎడంతో రావాలి.

వరుస ఇలా పెట్టుకోండి. రంగు వేసేది ఉంటే ముందు రంగు. నీటి రంగులు తోలును తడిపి నారలను ఉబ్బిస్తాయి కాబట్టి ముందే వేసిన గీత తేలిపోతుంది, పైగా చాలులో రంగు నిలిచి అక్కడ మాత్రం ముదురుగా కనిపిస్తుంది. ఆ తరువాత అంచు కోణాన్ని, దానిని చెక్కే పనిముట్టు అయిన బెవెలర్‌తో స్వల్పంగా తీసి, గీత వేసి, కుట్టాలి. బెవెలర్‌తో మరీ ఎక్కువ తీస్తే క్రీజర్ దారి కాలికి ఆనుకునే చోటు ఉండదు. కుట్టు పూర్తయి, అంచును నున్నగా రుద్దిన తరువాత అదే చాలులో మరొకసారి క్రీజర్‌ను నడపాలి, ఎందుకంటే కుట్టు బిగువుకూ రుద్దుడుకూ మొదటి గీత కొంత చదునవుతుంది. అంటే మీ ప్రశ్నకు జవాబు ముందూ, తరువాతా రెండూ. తోలు మడిచి అతికించిన అంచులైతే ముందు గీత అవసరం లేదు. జిగురు ఆరిన తరువాత వేడి గీత ఒక్కటి వేస్తే మడత కూర్చుంటుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పర్సును విప్పనవసరం లేదు. లోపలి అర అంచున, బయటికి కనిపించని చోట, వేడి గీతను ఒక అంగుళం మేర వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకు నిలిచి ఉంటే అదే వేడితో బయటి అంచులకు వెళ్లండి, మాసిన పాత గీత జాడ ఇంకా ఉంటుంది కనుక దానిలోనే నడవండి. నిలవకపోతే వేడిని కొద్దిగా పెంచి, పక్కనే మరో అంగుళం ప్రయత్నించండి.