కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్లో తుపాకీ ఆటలు తెగ ఆడుతున్నాడు. మీరు మొదట ఆడిన అలాంటి ఆట ఏది? ఇంకా గుర్తుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గుర్తులేకపోవడమేంటండీ! విజయవాడలో మా బాబాయి వాళ్ళింట్లో కంప్యూటర్‌లో ఆడిన 'ప్రాజెక్ట్ ఐజీఐ'. నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారు చేసింది, 2000లో విడుదలైంది. మనిషి కనిపించడు, చేతిలో తుపాకీ మాత్రమే కనిపిస్తుంది. ఆటలో హీరో జోన్స్‌ని నేనే అనిపించేది.

నన్ను కట్టిపడేసింది కాల్పులు కాదు, ఆ ఖాళీ నేల. అదే సంస్థ అంతకుముందు యుద్ధవిమానాల ఆట చేసింది, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌నే దీనికీ వాడుకున్నారు. అందుకే కొండలు, కంచెలు, కాపలా టవర్లు అంత దూరం వరకూ కనిపిస్తాయి. బైనాక్యులర్స్‌తో కాపలావాళ్ళ నడక గమనించి, ఆటలో శత్రువుల కంప్యూటర్ దొరికితే కెమెరాలు ఆపేసి, మెల్లగా లోపలికి వెళ్ళాలి. అలారం మోగిందంటే ఒకటే టెన్షన్, సైనికులు వస్తూనే ఉంటారు.

మిషన్ అంటే ఆటలో ఒక్కో దశ, దాని మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. చివరి గది దాకా వచ్చాక కరెంటు పోతే ఏడుపొచ్చేది. మా తమ్ముడు పక్కనే కూర్చుని "అన్నా, వెనకాల!" అని అరిచేవాడు. అది ఒక్కరే ఆడే ఆట, అయినా మేమిద్దరం కలిసే ఆడాం. 2003లో వచ్చిన రెండో భాగంలో సేవ్ పెట్టారు కానీ, నాకు మొదటిదే ఇష్టం.

మీ అబ్బాయి ఏ ఆట ఆడుతున్నాడో రాయండి.