ఆ నాగరాన్ని కరిగించకండి

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి దగ్గర పల్లె. నలుగురు స్నేహితులం కలిసి ఆన్‌లైన్‌లో ఒక మెటల్ డిటెక్టర్ కొని, ఏడాదిగా ఆదివారాలు చేలల్లో తిరుగుతున్నాం. దొరికేవన్నీ మేకులు, విరిగిన కర్రులు, అప్పుడప్పుడు పాత కాసులు. పోయిన నెల మాలో ఒకడి బాబాయి కంది చేలో మోకాటి లోతున పగిలిన మట్టి ముంత బయటపడింది. అందులో ఒక బంగారు నాగరం (ఆడవాళ్లు తలలో పెట్టుకునే పాతకాలపు నగ), రెండు వెండి కడియాలు, ఎర్రరాళ్ల కమ్మ ఒక్కటే ఉన్నాయి. తెలిసిన ఆచారి దగ్గర కరిగించి సమానంగా పంచుకుందామని ఒకడంటే, మిషన్ తనది కాబట్టి తనకు ఎక్కువ రావాలని ఇంకొకడంటున్నాడు, చేను నాది కాబట్టి అన్నీ నావే అని బాబాయి అంటున్నాడు. మాకు మాటలు కూడా తగ్గిపోయాయి. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆచారి దగ్గరికి వెళ్లడం ఆపండి, మిగతాదంతా తర్వాత. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో మా అమ్మమ్మ నాగరాన్ని కరిగించి గొలుసు చేయించారు, నేను చిన్నవాణ్ణి, గొలుసు కూడా తర్వాత అమ్ముడైపోయింది, ఇప్పుడు ఆ నాగరం మీద ఏ చెక్కడం ఉండేదో చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. ఒక ఫోటో అయినా లేదు.

ఇది మన జిల్లాలో కొత్త కాదు. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతి గుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోమన్ల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి. కొన్నయితే నిన్ననే అచ్చు వేసినట్టు ఉన్నాయని అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్సన్ 1787లో రాసిన ఉత్తరంలో ఉంది. కానీ ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు చేతికి అందినవి ముప్పై పైచిలుకు మాత్రమే. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట సముద్రం దాటి మన నేలకు వచ్చిన బంగారం అది! ఆ రైతును నేను తప్పు పట్టను, ఆయనకు చెప్పేవాళ్లు లేరు. మీకు చెప్పడానికి నేనున్నాను.

ఇక చట్టం. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన విలువైన వస్తువు ఏదైనా పది రూపాయల విలువ దాటితే, దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. వస్తువును దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు తెచ్చి ఇస్తామని హామీ ఇవ్వాలి. మీరు నెల రోజులు ఆలస్యం చేశారు కాబట్టి ఇక ఒక్క రోజు కూడా ఆగకుండా నలుగురూ సంతకాలు పెట్టి వెళ్లండి. తెలపకుండా దాచుకుంటే వాటా పోవడమే కాదు, ఏడాది వరకు జైలు ఉండొచ్చు. భూమి యజమాని దానికి సహకరిస్తే ఆయనకూ ఆరు నెలల వరకు శిక్ష ఉంది, ఈ ముక్క బాబాయికి చదివి వినిపించండి.

కలెక్టరు ప్రకటన ఇస్తారు, హక్కుదారులు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల్లోపు ఒక తేదీ పెడతారు. చివరకు యజమాని లేని నిధి అని తేలితే నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లకు, ఒక వంతు భూమి యజమానికి వెళుతుంది. మీరూ బాబాయీ ముందే వేరేగా ఒప్పందం రాసుకుని కలెక్టరుకు ఇస్తే దాని ప్రకారమే పంచుతారు. ప్రభుత్వం తానే తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. మిషన్ ఎవరిదన్న గొడవకు ఈ చట్టంలో వాటా ఏమీ లేదు, అది మీ నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నన్నడిగితే సమానంగా పంచుకోండి, ఏడాది పాటు ఎండలో నడిచింది నలుగురూ కదా.

ఇంకో జాగ్రత్త. కడగొద్దు. పాత నాగరాలు, కమ్మలు చాలా వరకు పలచటి బంగారు రేకుతో చేసి లోపల లక్క నింపినవి. వేడినీళ్లు తగిలితే లక్క మెత్తబడుతుంది, రాళ్లు ఊడిపోతాయి. కుంకుడు రసం, చింతపండు, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. వెండి నల్లబడి ఉన్నా అలాగే వదిలేయండి. కరిగిస్తే లాభం కూడా మీరనుకున్నంత ఉండదు, ఎందుకంటే తూకంలో లక్క బరువు పోతుంది. ఆ ముంత పెంకులు కూడా పారేయకండి, నగ ఎంత పాతదో చెప్పడానికి ఒక్కోసారి నగకంటే పెంకే ఎక్కువ పనికొస్తుంది. ముంత దొరికిన చోట గుర్తు పెట్టి, కలెక్టరు చెప్పేదాకా ఇంకో పార వేయకండి.

ప్రశ్న: మాది నెల్లూరు. కార్తీక పౌర్ణమి తర్వాత మైపాడు బీచ్‌లో మా గ్రూపుకి తడి ఇసుకలో నల్లపూసల గొలుసుతో రెండు పుస్తెలు దొరికాయి. సముద్రం ఇచ్చింది, ఉంచేసుకుందాం అంటున్నారు మావాళ్లు. నిధి చట్టం దీనికి కూడా వర్తిస్తుందా?

జవాబు: ఇది ఎవరూ దాచిన నిధి కాదండి, ఒక మనిషి పోగొట్టుకున్న వస్తువు. యజమాని దొరికే దారి ఉండి కూడా వెతక్కుండా సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరమవుతుంది. తగినంత ప్రయత్నం చేసి, తగినంత కాలం ఆగాల్సి ఉంటుంది.

ఆ రోజు స్నానానికి వచ్చిన ఆవిడ ఇంటికి ఎలా వెళ్లి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి, బీచ్ దుకాణాల వాళ్లకు చెప్పి పెట్టండి. ఫోటో మాత్రం ఎక్కడా పెట్టకండి. పుస్తెల్లో ఒకటి పుట్టింటివాళ్లది, ఒకటి అత్తింటివాళ్లది కదా, వాటి మీద గుర్తులు ఇంటింటికీ మారతాయి. అడగడానికి వచ్చినవాళ్లను ఆ గుర్తులు చెప్పమనండి, నిజమైన మనిషి తడుముకోకుండా చెబుతుంది. గొలుసు కొక్కెం దగ్గర భూతద్దంతో చూడండి, 2021 తర్వాత కొన్నదైతే ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరు ఉండొచ్చు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వస్తాయి, అక్కడి నుంచి షాపు దాకా వెళ్లే వీలుంటుంది.

ప్రశ్న: దొనకొండ వైపు చందవరం బౌద్ధ స్తూపం చుట్టూ డిటెక్టర్‌తో తిరగొచ్చా? పగలు అయితే జనం చూస్తారని రాత్రి వెళదామనుకుంటున్నాం.

జవాబు: వద్దు. రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. పైగా గుప్తనిధుల కోసం గుళ్లు తవ్వేవాళ్లతో విసిగిపోయిన పల్లెలు మనవి, రాత్రిపూట మిషన్, పార పట్టుకుని తిరిగితే మీరు ఎవరో అడక్కముందే దెబ్బలు పడతాయి. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ స్తూపాన్ని పగలు వెళ్లి కళ్లారా చూసి రండి. డిటెక్టర్‌తో తిరగాలనుంటే తెలిసినవాళ్ల మెట్ట చేలు ఎంచుకుని, యజమాని చేత కాగితం మీద రాయించుకుని, పట్టపగలు వెళ్లండి. గుంత తీసిన చోట మళ్లీ మట్టి పూడ్చి రండి.